రిసార్టు నుంచి కొన్న రైడింగ్ లాన్ మోవర్ కొబ్బరితోటలో నడపొచ్చా? సీటు కింద వైరు కలిపేసి ఉంది

కవిటి కొబ్బరి:

అందరికీ నమస్కారం. మాది కవిటి దగ్గర పల్లె. నాలుగెకరాల కొబ్బరితోట, మధ్యమధ్య పనస, జీడి. వానలు పడ్డాయంటే గడ్డి మోకాలు దాటిపోతుంది. కోయడానికి మనుషులు దొరకడం లేదు, కుర్రాళ్లంతా వలస పోయారు. భుజాన వేసుకునే బ్రష్ కట్టర్‌తో తోట చివరికి చేరేసరికి మొదట కోసిన చోట మళ్లీ పెరిగిపోయి ఉంటోంది. భుజం నొప్పి సరే సరి.

భీమిలి వైపు ఒక రిసార్టు సామాను అమ్మేస్తోందని తెలిసి అక్కడున్న రైడింగ్ మోవర్ (మీద కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి) కొన్నాను. పెట్రోలు ఇంజను, 42 అంగుళాల డెక్కు (కింద బ్లేడుని కప్పి ఉండే రేకు పెట్టె), గేర్లు లేకుండా పెడల్ నొక్కితే కదిలే హైడ్రోస్టాటిక్ రకం. షెడ్డులో పెట్టాను, ఇంకా స్టార్ట్ చేయలేదు. మాన్యువల్ ఇవ్వలేదు.

సీటు ఎత్తి చూస్తే కింద స్విచ్‌కి వెళ్లాల్సిన రెండు వైర్లు తీసేసి, ఒకదానికొకటి మెలేసి టేపు చుట్టి ఉన్నాయి. అలాగే నడిపితే ఏమైనా ఇబ్బందా? ఇంకోటి, తిత్లీ తుఫానులో పడిపోయిన పనస, జీడి చెట్లని కోసేశాక మోళ్లు అలాగే ఉండిపోయాయి, గడ్డిలో కనబడవు. తోటకి ఒక పక్క చెరువు గట్టు, ఇంకో పక్క ఊరి దారి. మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతి, బండి వచ్చిన దగ్గర్నుంచి తనే నడుపుతానని గొడవ. వాడి చెల్లెలు నా ఒళ్లో కూర్చుంటుందట. ముందు ఏం చూసుకోవాలో, ఎలా మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

చీపురుపల్లి చిన్నోడు:

అన్నా, వైరు అలాగే వదిలెయ్. ఆ సీటు స్విచ్ ఉంటే గుంత వచ్చినప్పుడల్లా ఇంజను ఆగిపోతుంది, టెన్షన్. మా బావగారి ఫామ్‌హౌస్‌లో కూడా అలాగే కలిపేశారు. బాగానే నడుస్తోంది.

విజయనగరం గ్రౌండ్ మాస్టారు:

చిన్నోడు గారూ, ఆ సలహా మాత్రం వెనక్కి తీసుకోండి. నేను ఒకప్పుడు ట్రాక్టర్ మెకానిక్‌ని. ఇప్పుడు విజయనగరం దగ్గర ఒక కాలేజీలో ఆటస్థలం నా చేతిలోనే ఉంది, గడ్డి కోత మొత్తం ఇలాంటి బండి మీదే.

కవిటి బాబూ, మొదటి పని ఆ టేపు విప్పడం. సీటు కింద స్విచ్ ఉన్నది ఎందుకంటే, బ్లేడు తిరుగుతుండగా మనిషి సీటులోంచి లేచినా, పడిపోయినా ఇంజను ఆగిపోవాలని. ఇలా వైరు కలిపేసి ఉంటే, కొమ్మ తగిలి మీరు కిందపడినా ఇంజను ఆగదు, కింద బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. మీరు పడింది దాని ముందో, వెనకో ఎవడు చెప్పగలడు? గుంతల్లో ఆగిపోతోంది అంటే స్విచ్ అరిగిందనో, సీటు స్ప్రింగు మీ బరువుకి సరిపోవడం లేదనో అర్థం. స్విచ్ మార్చండి, స్ప్రింగు సర్దండి. ఖర్చు పెద్దగా ఉండదు.

వైరు సరిచేశాక చదునైన చోట, చుట్టూ ఎవరూ లేకుండా ఇలా పరీక్ష చేయండి. సీటులో కూర్చుని బ్రేకు పూర్తిగా తొక్కి, బ్లేడు వేసే నాబ్ కిందికి, అంటే ఆఫ్‌లో పెట్టి తాళం తిప్పితే స్టార్ట్ అవ్వాలి. బ్రేకు వదిలేసి తిప్పితే స్టార్టర్ కదలకూడదు. బ్లేడు నాబ్ పైకి లాగి తిప్పినా కదలకూడదు. తర్వాత ఇంజను నడుస్తుండగా బ్లేడు వేసి, హ్యాండిల్ పట్టుకునే సీటు మీంచి కొంచెం లేవండి. టక్కున ఆగాలి. చాలా బండ్లలో బ్లేడు తీసేసి పార్కింగ్ బ్రేకు వేసి దిగితే ఇంజను నడుస్తూనే ఉంటుంది, అది లోపం కాదు. బ్లేడు వేసి ఉండగా రివర్స్ పెడితే ఆగిపోయే ఏర్పాటు కూడా కొన్నిట్లో ఉంటుంది. దాన్ని తప్పించడానికి పక్కన చిన్న బటన్ ఇస్తారు, ఆ బటన్ జోలికి పోకండి. వెనక్కి పోవాల్సి వస్తే బ్లేడు ఆపి, తల తిప్పి చూసుకుంటూ పోండి.

ఈ పరీక్షల్లో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజుకి కోత లేదు. ఇంజను నున్నగా పాడుతోందని మురిసిపోయి గడ్డిలోకి దిగేవాళ్లని చూశాను. ఇలాంటి బండి ఎంత బాగా నడుస్తుందో కాదు, ఎంత బాగా ఆగుతుందో చూసి కొనాలి. మీరు కొనేశారు కాబట్టి ఇప్పుడు చూడండి.

డెక్కు కుడి పక్కన గడ్డి బయటికి కొట్టే నోరు ఉంటుంది. దాని మీద వాలుగా ప్లాస్టిక్ రెక్క ఉందా? రిసార్టుల్లో గడ్డి అడ్డుపడుతోందని దాన్ని పీకేస్తారు. అది లేకుండా నడపొద్దు. రాయి, కొబ్బరి చిప్ప ముక్క, ఇనుప మేకు ఏది బ్లేడుకి తగిలినా ఆ నోట్లోంచే వస్తుంది. ఈ బండ్లలో బ్లేడు కొన వేగానికి అమెరికా ప్రమాణం పెట్టిన గరిష్ఠ హద్దు నిమిషానికి 19,000 అడుగులు. గంటకి సుమారు 350 కిలోమీటర్లన్నమాట. అందుకే దారి పక్కన మొదటి వరస వేసేటప్పుడు దారి మీ ఎడమ చేతి వైపు ఉండాలి, గడ్డి తోట లోపలికి పడాలి. ఎవరైనా నడిచి వస్తుంటే బ్లేడు ఆపేయండి.

టైర్లలో గాలి దగ్గర జాగ్రత్త. పంక్చర్ షాపు కుర్రాడు బైకు లెక్కన 30 పీఎస్ఐ కొట్టేస్తాడు. వీటికి సాధారణంగా ముందు 12 నుంచి 14, వెనక 10 చుట్టుపక్కల చాలు. గరిష్ఠం ఎంతో టైరు గోడ మీద అచ్చు ఉంటుంది. రెండు పక్కలా సమానంగా లేకపోతే డెక్కు ఒరిగి, ఒక పక్క గీకేసి ఇంకో పక్క వదిలేస్తుంది. గాలి సరిచేశాకే డెక్కు మట్టం చూడాలి. స్పార్క్ ప్లగ్ వైరు పీకి, చేతులకి మందపాటి గ్లౌజులు వేసుకుని, బ్లేడుని అడ్డంగా తిప్పి రెండు కొనల నుంచి నేలకి ఎంతుందో కొలవండి. తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. బ్లేడుని నిలువుగా తిప్పి చూస్తే ముందు కొన వెనక దానికంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి.

బ్లేడు విప్పి సాన పెట్టిస్తారు కదా, తిరిగి బిగించేటప్పుడు గాలి లేపే వంపు రెక్కలు డెక్కు వైపు, అంటే పైకి ఉండాలి. తలకిందులుగా వేస్తే కోయదు, నమిలేస్తుంది. పగులు కనిపిస్తే సాన, వెల్డింగ్ ఏమీ వద్దు, కొత్తది వేయండి. గోడకి మేకు కొట్టి మధ్య బెజ్జంలోంచి వేలాడదీస్తే ఏ పక్క బరువో తెలిసిపోతుంది.

ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు కాబట్టి మొత్తం తీసేయండి. మన ఎండలకి చాలా కంపెనీలు ఎస్ఏఈ 30 చిక్కదనం ఉన్న ఇంజను ఆయిల్ చెబుతాయి. తర్వాత 50 గంటలకోసారి. మట్టం మాత్రం నడిపే ప్రతిసారీ చూసుకోవాలి.

పెట్రోలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసినది. ఈ చిన్న ఇంజన్ల తయారీదారులు ఎక్కువమంది 10 శాతం దాకానే ఒప్పుకుంటారు. పాత రబ్బరు పైపులు, కార్బరేటర్ లోపలి రబ్బర్లు దెబ్బతింటాయి, పైగా ఇథనాల్ తేమని లాగుతుంది, మీది సముద్రపు గాలి. అందుకని ఆ పూటకి కావలసినంతే పోయండి. కోత అయ్యాక పెట్రోలు కాక్ కట్టేసి, కార్బరేటర్ ఖాళీ అయి ఇంజను దానంతట ఆగిపోయేదాకా నడవనివ్వండి. పైపులు మెత్తబడ్డాయేమో, చెమ్మ కనిపిస్తోందేమో చూస్తుండండి. కూల్‌డ్రింక్ సీసాల్లో పెట్రోలు తెచ్చే అలవాటు మానేసి మూత బిగుతుగా ఉండే డబ్బా వాడండి. ఇంజను చల్లారాక, షెడ్డు బయట పోయాలి. బీడీ వెలిగించినవాడిని దగ్గరికి రానివ్వద్దు.

సైలెన్సర్ చుట్టూ, డెక్కు మీద చేరే ఎండు గడ్డి, కొబ్బరి పీచు ప్రతిసారీ దులిపేయాలి. అంటుకునేది అక్కడే. వేడి బండిని నేరుగా ఆకు షెడ్డులో పెట్టొద్దు.

సోంపేట రైతు:

మాస్టారు బండి గురించి చెప్పారు, నేను తోట గురించి చెబుతాను. ఉద్దానంలో గొడవంతా నేలతోనే.

బండి దించే ముందు రోజు చేతిలో కర్ర పట్టుకుని వరస వరసా నడవండి. రాలిన కాయలు, మట్టలు, డొక్కలు, తెగిన డ్రిప్పు పైపు ముక్కలు, కంచె తీగ అన్నీ ఏరేయండి. తీగ బ్లేడుకి చుట్టుకుంటే ఆ పూట పని అయినట్టే. పనస, జీడి మోళ్ల పక్కన నిలువెత్తు వెదురు కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టండి. సున్నం పూస్తే చాలు అంటారు కొందరు, మోకాలెత్తు గడ్డిలో సున్నం ఎవడికి కనిపిస్తుంది? వీలైతే నేల మట్టానికి కోయించేయండి. తిత్లీ వచ్చింది 2018 అక్టోబర్‌లో, ఇన్నేళ్లయినా మా వైపు తోటల్లో ఆ మోళ్లు అలాగే ఉన్నాయి. కుళ్లిన కొబ్బరి మోడు ఏదైనా కనిపిస్తే దాన్ని మాత్రం తవ్వి తీసేయాల్సిందే. మోవర్ కోసం కాదు, కొమ్ము పురుగు అందులోనే గుడ్లు పెడుతుంది.

చెట్ల పాదుల్లోకి బండి తోలకండి. చక్రం దిగబడుతుంది, వేర్లు పైకే ఉంటాయి, బ్లేడు వాటిని కొడుతుంది. వరసల మధ్య 25 అడుగులు ఉంటే అక్కడ మాత్రం హాయిగా తిరగొచ్చు. పాదుల చుట్టూ కొడవలో, మీ బ్రష్ కట్టరో.

కాయ దింపించాకే కోతకి దిగండి. ముదిరిన కాయ, ఎండు మట్ట నెత్తిన పడితే మాస్టారు చెప్పిన ఏ స్విచ్చీ కాపాడదు. బైకు హెల్మెట్ ఉంది కదా, పెట్టుకోండి. ఈదురుగాలి ఉన్న రోజు వద్దు. పొద్దున్నే మంచు తడి ఆరాక మొదలుపెట్టండి, తడి గడ్డి డెక్కు కింద ముద్ద కట్టేస్తుంది. పాము కనిపిస్తే బండి ఆపి, పోనివ్వండి. దిగకండి.

టెక్కలి టు టెక్సస్:

పిల్లల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నా. నేనుండే అమెరికాలో ఇలాంటి బండి వీధికి నాలుగు ఉంటాయి. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, కూర్చుని నడిపే మోవర్ 16 ఏళ్లు నిండనివాళ్లకి ఇవ్వొద్దంటుంది. తోసుకుంటూ నడిచేదానికి 12 ఏళ్లు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అసలు కుదరదు, జారితే పడేది బ్లేడు పక్కనే. ఒకసారి ఎక్కించుకున్నారంటే ఆ పిల్ల బండి చప్పుడు విన్నప్పుడల్లా పరిగెత్తుకుంటూ వస్తుంది, వెనక్కి వస్తున్న మీకు కనబడదు. కోత జరిగినంతసేపూ పిల్లలు ఇంట్లో, ఒక పెద్దమనిషి కళ్ల ముందు ఉండాలి. అబ్బాయికి అంత సరదాగా ఉంటే ఆయిల్ మట్టం చూడటం, ఇంజను ఆగి చల్లారాక డెక్కు పైన దులపడం నేర్పండి.

గట్టు విషయం. 15 డిగ్రీల వాలు దాటితే ఎక్కించవద్దని మాన్యువల్స్ చెబుతాయి. పది అడుగులు ముందుకి పోతే రెండున్నర అడుగులు పైకి లేస్తోందంటే ఆ హద్దుకి వచ్చేసినట్టే. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుంది, పలక మీద పెట్టి చూడండి. చిన్న వాలైతే నిలువుగా పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా కాదు. వాలు మీద మలుపు తిప్పొద్దు. చెరువు గట్టు అంచు దగ్గర ఇసుక నేల జారిపోతుంది, అక్కడికి బండి తీసుకెళ్లకపోవడమే నయం.

చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు, కాళ్లకి బూట్లు. చెప్పులతో ఎక్కొద్దు.

కవిటి కొబ్బరి:

అందరికీ ధన్యవాదాలు. వైరు విప్పి చూశాం. స్విచ్ బొడిపె లోపలికి ఇరుక్కుపోయి ఉంది, పనిచేయడం లేదు. ప్లాస్టిక్ రెక్క కూడా లేదు, మాస్టారు ఊహించినట్టే. రెండూ తెప్పిస్తున్నాను. అబ్బాయికి మాట చెప్పాను, అలిగాడు.

ఇంకొక్క సందేహం. గడ్డి అడ్డుపడితే ఎలా తీయాలి? డెక్కు బెల్టు కూడా అంచులు చీలి ఉంది. పలాసలో ఆటోమొబైల్ షాపులో అదే పొడవు బెల్టు ఉందన్నారు.

విజయనగరం గ్రౌండ్ మాస్టారు:

అడ్డుపడితే బ్లేడు నాబ్ దించి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకోండి. నాబ్ దించగానే బ్లేడు ఆగిపోదు, దాని ఊపు మీద తిరుగుతుంది. 5 సెకన్లలోపు ఆగాలని చాలా మాన్యువల్స్ చెబుతాయి, అంతకంటే ఎక్కువ తిరుగుతుంటే బ్లేడు బ్రేకు అరిగినట్టు. పూర్తిగా ఆగాక ప్లగ్ వైరు పీకి, అప్పుడు కర్రతో తీయండి. చెయ్యి పెట్టొద్దు. జాకీ మీద లేపితే కింద దిమ్మ పెట్టకుండా తల దూర్చొద్దు.

కారు బెల్టు వేయకండి. మోవర్ బెల్టు పుల్లీల మధ్య జారుతూ, బిగుస్తూ పనిచేసేలా తయారవుతుంది. పొడవు సరిపోయినా కారు బెల్టు కాలి వాసన వస్తుంది, నాబ్ దించినా సరిగ్గా వదలక బ్లేడుని లాగుతూ ఉండొచ్చు. పాత బెల్టు వెనక అచ్చు నంబరు ఉంటుంది, చెరిగిపోతే సీటు కిందో, వెనక మడ్‌గార్డు మీదో మోడల్ నంబరు స్టిక్కర్ ఉంటుంది. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ నంబరు తెప్పించాలో చూసి చెబుతాను.