త్రుటా, తృటా?

విజయనగరం, ఫిజిక్స్ లెక్చరర్: ఇంటర్ పిల్లలకు ఆటోసెకను గురించి చెప్పాలి. 2023 నోబెల్ దాని మీదే కదా. సెకనులో వంద కోట్లవ వంతును మళ్ళీ వంద కోట్ల ముక్కలు చేస్తే వచ్చేది. భాగవతం తృతీయ స్కంధంలో "నూరు తృటులు ఒక వేధ" అనే కాలమానాల వరస ఉంది. మిగతాది నోట్లోనే ఉంది, బయటికి రావడం లేదు. తృటికి కింద ఏముంటాయి?

శ్రీకాకుళం, తెలుగు మేష్టారు: ముందు ఆ వట్రుసుడి తీసెయ్యండి బాబూ. త్రుటి. త్రుట్ అంటే తెగడం. పేపర్లో "తృటిలో తప్పిన ప్రమాదం" చూసీ చూసీ అందరి చేతికీ అదే అలవాటైపోయింది.

బొబ్బిలి: కింద త్రసరేణువు, అణువు, పరమాణువు. పైన మూడు వేధలు లవం, మూడు లవాలు నిమేషం, అంటే రెప్పపాటు. 24 నిమిషాల ఘడియ నుంచి దిగుతూ వస్తే త్రుటి సెకనులో సుమారు 2,100వ వంతు. భాస్కరాచార్యుల త్రుటి వేరు, 33,750వ వంతు. కాబట్టి ఎవరి త్రుటి అన్నది ముందు తేలాలి.

లెక్చరర్: పరమాణువు దాకా దిగినా 26 మైక్రోసెకన్లే! అందులో 26 లక్షల కోట్ల ఆటోసెకన్లు పడతాయి. బోర్ నమూనాలో హైడ్రోజన్ ఎలక్ట్రాన్ ఒక్క చుట్టు తిరగడానికి 150 ఆటోసెకన్లు చాలు.

బొబ్బిలి: పరమాణువంత చోటును సూర్యుడు దాటే కాలమే పరమాణు కాలమని వ్యాఖ్యానం. 2020లో ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ళు హైడ్రోజన్ అణువును వెలుగు దాటే సమయాన్ని కొలిచారు, 247 జెప్టోసెకన్లు. అంటే ఆటోసెకనులో పావు వంతు. ఊహించిన తీరు ఒకటే. అంతకు మించి పోలిక లాగొద్దు, పిల్లలకు "అన్నీ మనవాళ్ళకు ముందే తెలుసు" అని అస్సలు చెప్పొద్దు.

పార్వతీపురం: మేష్టారూ, గిడుగు వారి జిల్లాలో ఉండి వాడుకను కాదంటారా? జనం రాసేది తృటే.

మేష్టారు: గిడుగు వారు నిలబడింది నోటి మాట కోసం. తెలుగు నోట ఈ రెండూ ఒక్కలాగే పలుకుతాయి. ఇక వాడుక సాక్ష్యం ఎలా చెల్లుతుందమ్మా?

పార్వతీపురం: అదే వరసలో ఘడియకు కింద ఉండే లఘువు మాటేమిటి మరి? ఛందస్సులో ఒక్క మాత్ర, భాగవతంలో 96 సెకన్లు! గురజాడ ముత్యాల సరం మూడు నాలుగు మాత్రల నడక, పాదానికి పద్నాలుగు మాత్రలు. ఆ లఘువులతో కొలిస్తే ఒక్క పాదానికి ఇరవై నిమిషాలు దాటుతుంది. 1910లో తోకచుక్క మీద రాసిన ఆ కవితను పైకి చదవండి, కాలాన్ని చెవితో కొలవడమంటే ఏమిటో తెలుస్తుంది.

మేష్టారు: గురజాడ నడక గురించి రాత్రంతా మాట్లాడొచ్చు. కానీ నన్ను తొలిచేది వేధ. అది పొడవడం. నూరు తెగడాలు కలిసి ఒక పోటు ఎలా అయ్యాయి? సంస్కృత వ్యాఖ్య దగ్గరున్నవారు చూసి చెప్పండి.