ఇద్దరొచ్చిరా, రెండొచ్చెనా?

(మాట్లాడేవాళ్ళకు ఇక్కడ వాళ్ళ ఊరి పేర్లే పేర్లు.)

మైదుకూరు: చిన్నప్పుడు గుడి ముందు చూసిన తోలుబొమ్మలాటలోని మాటొకటి నాలుగు రోజులుగా వదలడం లేదు. కేతిగాడూ బంగారక్కా అనే నవ్వించే బొమ్మలు తెర మీదికొచ్చేటప్పుడు ఆడించే ఆయన "ఇద్దరొచ్చిరి" అనేవాడా, "రెండొచ్చె" అనేవాడా? మొన్న ఒక హోటల్లో తలా కళ్ళూ ఉన్న రోబో ఇడ్లీ ప్లేటు తెచ్చింది. ఎన్నున్నాయని అడిగితే సర్వర్, "ఇద్దరున్నారు సార్, ఒకటి చార్జింగ్‌లో ఉంది" అన్నాడు. అప్పట్నుంచీ ఇదే గోల.

జమ్మలమడుగు అయ్యవారు: బొమ్మ అమహత్తే, అంటే జంతువులూ వస్తువుల తరగతి, కానీ కేతిగాడు మహత్తు, మగవారి తరగతి. ఆడవారికి ఏకవచనంలో అమహత్తు క్రియ, బహువచనంలో మహత్తు క్రియ అని చిన్నయసూరి 1858లోనే తన బాలవ్యాకరణంలో తేల్చేశాడు. కాబట్టి "ఇద్దరొచ్చిరి" తప్ప గతి లేదు. రోబో అంటారా, అది రెండే.

ధర్మవరం: అయ్యవారూ, నిమ్మలకుంట మాకు పక్కనే. అక్కడ బొమ్మలాడించేవాళ్ళు బాలవ్యాకరణం చదివి ఆడించరు. "ఇద్దరొచ్చె" అనగా నా చెవులతో విన్నాను. లెక్క మనిషిది, క్రియ బొమ్మది.

అయ్యవారు: చెవులు అందరికీ ఉన్నాయి నాయనా.

అనంతపురం: ఇస్రో 2020 జనవరిలో చూపించిన ఆడ రూపు రోబో వ్యోమమిత్రను మరిచారే! స్నేహితుడనే అర్థంలో సంస్కృత మిత్రం నపుంసకం, పుంలింగమైతే సూర్యుడు. ముఖం ఆడది, పేరు నపుంసకం. తెలుగులో "వ్యోమమిత్ర మాట్లాడింది" అంటే మనిషో వస్తువో తేలదు, ఆ క్రియే నాకూ వాడతారు కాబట్టి. సౌదీ 2017లో సోఫియా అనే రోబోకు పౌరసత్వమే ఇచ్చింది. మనం "ఇద్దరు" ఇవ్వాలా వద్దా అని కొట్టుకుంటున్నాం.

పులివెందుల: అక్కా, మా ఎద్దులకు పేర్లున్నాయి, రామన్న, లచ్చుమన్న. పిలిస్తే తలెత్తుతాయి. రామన్న చచ్చిన రోజు మా నాయన అన్నం ముట్టలేదు. అయినా అవి రెండెద్దులే. మడకలాగి మమ్మల్ని సాకినదానికే లేని "ఇద్దరు" ఇడ్లీ మోసేదానికా?

ప్రొద్దుటూరు: అసలు రోబో అనే మాటే వెట్టి నుంచి వచ్చింది. చెక్ రచయిత చాపెక్ 1920 నాటి నాటకంలో వాడాడు, చెక్ భాషలో రొబొటా అంటే వెట్టిచాకిరీ. మనం 1976లో చట్టం చేసి తీసేసిన మాటను ముద్దుగా పిలుచుకుంటున్నాం. "మరమనిషి" నయం, "మనిషి" ఉన్నందుకు "ఇద్దరు" దానంతటదే వస్తుంది.

అయ్యవారు: రాదు. "రెండు దయ్యాలు" అంటాం, నిన్నటిదాకా అవీ మనుషులే. మన వేమన ఎప్పుడో చెప్పాడు, "ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు". చూపుకు ఒకటే, రుచి వేరు.

అనంతపురం: ఆ పద్యంలోనే "పురుషులందు" అన్నాడు. "మనుషులందు" అంటే ఏం పోయేది? గణం కూడా చెడదు.

అయ్యవారు: గణం నిలుస్తుంది, యతి పోతుంది. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడు కుదరాలి, అదిక్కడ "పు". "ము" అయితే "పు"తో చెల్లుతుందనే ముకారయతి కింద సర్దుకునేవాళ్ళం. "మ" కుదరదు తల్లీ.

ప్రొద్దుటూరు: వేమన పద్యాలు వెతికి 1829లో అచ్చేసిన బ్రౌన్ దొర కూడా యతి కోసం ఇంత పట్టుబట్టి ఉండడు.

పులివెందుల: సరే, కేతిగాడు బూతు మాట్లాడితే ఊరి పెద్ద ఎవర్ని తిట్టేవాడు? తెర వెనకాయన్నే కదా. రోబో వేడి సాంబారు మీద పోస్తే తెర వెనక ఎవరున్నారు? ఓనరా, తయారుచేసినోడా? అది తేల్చండి ముందు.

అయ్యవారు: అది వ్యాకరణం కాదు.

మైదుకూరు: అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "ఎవరొచ్చిరో నీకేం తెలుసు, కేతిగాడొచ్చేసరికి నా ఒళ్ళో నిద్రపోతివి" అంది.

ధర్మవరం: ఆదివారం నిమ్మలకుంట పోయి కనుక్కుంటా.

అయ్యవారు: పోతే "ఇద్దరు" అన్నారో "ఇరువురు" అన్నారో కూడా చూసి రా.