సోంగ్‌హువా నది దెబ్బకు పదవి పోయినాయన చైనా వాతావరణ దూత ఎట్లైనాడు?

అనంత_గ్రూప్1:
మెయిన్స్ నోట్సులో షియె ఝెన్‌హువా దగ్గర ఆగిపోయినా. 2005లో రాజీనామా చేసిందీ, 2015లో పారిస్ వాతావరణ సదస్సులో చైనా తరఫున బేరమాడిందీ ఒక్కరేనా? మధ్యలో యాడ ఉండె? పదవుల పేర్లు ఒక్కోచోట ఒక్కో రకంగా ఉండాయి.

కేసీ_కెనాల్:
ఒక్కరే. 1993 నుంచి పర్యావరణ సంస్థ అధిపతి. 1998లో దానికి మంత్రిత్వ స్థాయి ఇచ్చినారు గానీ 'శాఖ' అన్న పేరు 2008లోనే వచ్చింది. కాబట్టి 'మాజీ పర్యావరణ మంత్రి' అని రాయొద్దు.

2005 నవంబర్ 13న జిలిన్‌లో పెట్రోకెమికల్ ప్లాంటు పేలి, సుమారు 100 టన్నుల బెంజీన్ జాతి రసాయనాలు సోంగ్‌హువాలో కలిసినాయి. దిగువన హార్బిన్‌కు నాలుగు రోజులు కుళాయిలు బంద్. ఆ నీళ్లు రష్యా వైపు అమూర్‌లోకి పోతాయి, ఇంట్లో గుట్టుగా సర్దుకునే యవ్వారం కాదు. ప్లాంటు ఆయనది కాదు. ప్రమాద తీవ్రతను ఆయన సంస్థ తక్కువ అంచనా వేసిందని తప్పు మోపినారు. డిసెంబర్ మొదట్లో దిగిపోయినాడు.

ఓర్వకల్లు_ఎండ:
అసలు మలుపు ఆ తర్వాతిది. 2007 నుంచి జాతీయ అభివృద్ధి, సంస్కరణల కమిషన్ ఉపాధ్యక్షుడు. పేరు చూసి మూలన కూర్చోబెట్టినారనుకోవద్దప్పా. బొగ్గు, కరెంటు, పెట్టుబడుల ప్రణాళికలన్నీ ఆడే. వాతావరణం సబ్జెక్టు కూడా 2018 దాకా ఆడనే ఉండె. బయట ఒప్పుకునే అంకె, లోపల అమలయ్యే అంకె ఒకే కప్పు కింద తయారయ్యేవి. ఆయన మాటకు బరువు అందుకే.

ఎక్కువమంది తప్పేది 2009 కోపెన్‌హేగన్ వాతావరణ సదస్సులో చైనా చెప్పిన అంకె దగ్గర. 2005తో పోలిస్తే 2020కి 40–45 శాతం తగ్గిస్తామన్నది మొత్తం ఉద్గారాలను కాదు, జీడీపీలో ఒక్కో యూనిట్‌కు వచ్చే ఉద్గారాలను, అంటే ఉద్గార తీవ్రతను. జీడీపీ రెండింతలై, తీవ్రత 45 శాతం తగ్గితే 2 × 0.55 = 1.10. అంటే మొత్తం 10 శాతం పెరిగినట్టే! మన పక్క సోలార్ పార్కు 1000 మెగావాట్లు వచ్చినా ముద్దనూరు థర్మల్ పొగగొట్టం నిలబడే ఉంది కదా, అట్ల. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభలో ఉన్న పర్యావరణ మంత్రి జైరాం రమేష్ భారత్ తరఫున చెప్పిన 20–25 శాతం కూడా ఇదే లెక్క.

అనంత_గ్రూప్1:
అర్థమైందన్నా. మరి 'ప్రతినిధి', 'దూత' ఒకటేనా?

కేసీ_కెనాల్:
కాదు. 2015లో ప్రత్యేక ప్రతినిధి, 2021లో ప్రత్యేక దూత. రెండోసారి ఎదుటి కుర్చీలో అమెరికా వాతావరణ దూత జాన్ కెర్రీ. వాతావరణంపై అమెరికా, చైనా కలిసి చేసిన 2021 గ్లాస్గో ప్రకటన, 2023 సన్నీలాండ్స్ ప్రకటన వీళ్లిద్దరి పనే. వాళ్ల స్నేహాన్ని జాస్తి పొగుడుతారు గానీ, 2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ పెలోసీ తైవాన్ పోతూనే చైనా ఈ చర్చలను ఆపేసింది, స్నేహం అడ్డుపడలేదు.

2024 జనవరిలో ఆ కుర్చీ లియు ఝెన్‌మిన్‌కు పోయింది. ఆయన విదేశాంగం నుంచి వచ్చినాయన, ప్రణాళికల వైపు మనిషి కాదు. పోలిక అడిగితే అది రాయి.