చలి ఉదయాల్లో చిన్న ట్రాక్టరు తెల్లపొగ: ఇంజిన్ బోరు పనికి ముందు ఏమేమి చూడాలి?

పలమనేరు రైతు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మామిడి తోటలో చెట్ల కింద దున్నడానికి, టమోటా మడుల్లో రోటవేటరు తిప్పడానికి మేము మూడు సిలిండర్ల చిన్న డీజిల్ ట్రాక్టరు వాడుతున్నాం. మధ్యాహ్నం వేళ ఎప్పుడు సెల్ఫ్ కొట్టినా వెంటనే అందుకునే ఇంజిన్, చలి మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున మొరాయిస్తోంది. హీటర్ వేసి సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరిగి, సైలెన్సర్‌లోంచి కళ్లు మండించే తెల్లపొగను దట్టంగా వదిలి, చివరికి వణుకుతూ అందుకుంటుంది. ఆ తరువాత కూడా ఒక సిలిండరు పని చేయనట్టు తడబడి, క్రమంగా సర్దుకుంటుంది. పొగ పూర్తిగా పోవడానికి మాత్రం ఇంకా చాలా సమయం పడుతోంది.

మెకానిక్ చూసి, పిస్టను రింగులు అరిగిపోయాయని, ఇంజిన్ దించి బోరు (సిలిండర్లను తొలిచి కొత్త పిస్టన్లు, రింగులు వేసే పని) చేయించక తప్పదని చెప్పారు. అయితే ఆయిల్ మట్టం తగ్గడం లేదు, రేడియేటరులో నీళ్లూ తగ్గడం లేదు. పోయిన ఎండాకాలంలో ఇంజిన్ ఎక్కువగా వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వును తీసేశారు. దానికీ ఈ పొగకూ సంబంధం ఉందేమో నాకు తెలియదు. చలికి డీజిల్ గడ్డకడుతోందని, ఎయిర్ క్లీనర్ మూతి దగ్గర డీజిల్ గుడ్డ వెలిగించి పట్టుకుంటే తేలిగ్గా అందుకుంటుందని ఊళ్లో కొందరు చెబుతున్నారు. బోరు పని మా వంటివారికి పెద్ద ఖర్చు. అంత పనికి దిగే ముందు ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చిత్తూరు పంపు మెకానిక్:

అన్నా, బోరు పని మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రింగులు అరిగిన ఇంజిన్ చలికి మొరాయించేది నిజమే. కాని అటువంటి ఇంజిన్ ఆయిల్ తాగుతుంది, లోడు పడినప్పుడు నీలిపొగ వేస్తుంది, నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే అందులోంచి పొగ ఎగదన్నుతూ వస్తుంది. మీరు రాసిన లక్షణాల్లో ఇవేవీ కనిపించడం లేదు. కళ్లు మండించే తెల్లపొగ అంటే, సిలిండరులో పడి మండకుండా ఆవిరిగా బయటికి వచ్చిన డీజిలే. సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ నుంచి డీజిల్ పడుతోంది కాని, దాన్ని అంటించడానికి తగినంత వేడి లేదన్నమాట.

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని ఇరవయ్యో వంతు దాకా నొక్కినప్పుడు ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులో పడిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ వేడిలో చాలా భాగాన్ని సిలిండరు గోడలు, హెడ్డు లాగేసుకుంటాయి. దానికి తోడు సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే, నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి జారిపోవడానికి వ్యవధి దొరికి, వేడి మరింత పడిపోతుంది. మొగిలి కనుమ ఎక్కి మీ వైపు వచ్చేసరికి ఎత్తు 700 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో కంటే సుమారు 8 శాతం తక్కువ. అందుచేత అదే బండి చిత్తూరులో కంటే పలమనేరులో కాస్త కష్టంగా అందుకోవడం సహజమే.

మీ బండికి హీటర్ ఉందన్నారు కాబట్టి, అది డీజిల్ నేరుగా పిస్టను మీద పడే రకం కాకపోవచ్చు. చాలా చిన్న ఇంజిన్లలో డీజిల్ హెడ్డులోని ఒక చిన్న గదిలో పడి, అక్కడ అంటుకొని, మంటగా కిందికి వస్తుంది. ఆ గది గోడలు వేడిని త్వరగా లాగేస్తాయి కనుక సిలిండరుకు ఒకటి చొప్పున హీటర్ ప్లగ్గు పెడతారు. మూడింటిలో ఒకటి కాలిపోయినా ఇంజిన్ మిగిలిన రెండు సిలిండర్ల మీద అందుకుంటుంది. మూడోది వేడెక్కేదాకా వణుకుతూ తెల్లపొగ కక్కుతుంది. మీరు వర్ణించింది అచ్చం ఇదే.

పరీక్షించడం కష్టమేమీ కాదు. మూడు ప్లగ్గులను కలిపే రేకును విప్పేయండి. ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకదాన్ని బ్యాటరీ ప్లస్‌కు, రెండోదాన్ని ఒక్కొక్క ప్లగ్గు కొనకు తాకించండి. బల్బు వెలిగితే ప్లగ్గులోపలి తీగ తెగలేదని అర్థం, వెలగకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. మల్టీమీటరు ఉంటే ప్లగ్గు కొనకూ ఇంజిన్ బాడీకీ మధ్య నిరోధం చూడండి, బాగున్న ప్లగ్గుకు అది 1 ఓమ్ అటూ ఇటూగా ఉంటుంది. ప్లగ్గును బయటికి తీసి నేరుగా బ్యాటరీకి కలిపి ఎర్రబడుతుందో లేదో చూడాలనుకుంటే, ముందు దాని మీద రాసిన వోల్టేజీని చదవండి, ఎందుకంటే కొన్ని ప్లగ్గులు 12 వోల్టులకు తక్కువ రకంవి ఉంటాయి, వాటిని అలా పరీక్షిస్తే పరీక్షలోనే కాలిపోతాయి. రేకు తుప్పు పట్టిందా, హీటర్ వేసినప్పుడు దానికి కరెంటు చేరుతోందా అనేవి కూడా అప్పుడే చూసుకోండి.

ప్లగ్గులన్నీ బాగుంటే, ఏ సిలిండరు తడబడుతోందో పట్టుకోవాలి. ఇంజిన్ అందుకున్న వెంటనే నాజిల్ పైపుల నట్లను ఒక్కొక్కటిగా కాస్త వదులు చేసి మళ్లీ బిగించండి. ఏ నట్టును వదులు చేసినప్పుడు ఇంజిన్ శబ్దంలో మార్పు రాదో, ఆ సిలిండరే చచ్చుబడినది. ఆ సమయంలో చేయి గాని ముఖం గాని ఆ నట్టుకు ఎదురుగా పెట్టకండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఆ ఒత్తిడికి చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగిపోగలదు. అప్పుడు నాజిల్‌ను తీయించి డీజిల్ పంపు షాపులో ఒత్తిడినీ చిమ్మే తీరునూ చూపించవచ్చు. ఆ తరువాతే కంప్రెషన్ గేజి, అంటే సిలిండరులో నొక్కిన గాలి ఒత్తిడిని కొలిచే మీటరు. ఈ రకం ఇంజిన్లలో కొత్తగా ఉన్నప్పుడు ఆ ఒత్తిడి 30 బార్ దరిదాపుల్లో ఉంటుంది; మూడు సిలిండర్ల మధ్య తేడా 10 శాతానికి మించకూడదు. గేజి పెట్టకుండా రింగులు పోయాయని చెప్పే మాట మీద ఇంజిన్ దించకండి.

కుప్పం మల్బరీ రైతు:

అన్నగారూ, గుడ్డ వెలిగించే పని మాత్రం దయచేసి చేయకండి. కాలిన గుడ్డ బూడిద, నుసి నేరుగా సిలిండరులోకి పోతాయి, ఎయిర్ క్లీనరు కాగితానికి నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. ఇంజిన్ త్వరగా అందుకోవడానికి గాలి దారిలో కొట్టే ఈథర్ స్ప్రే ఇంతకంటే ప్రమాదకరం. వేడిగా ఉన్న హీటర్ ప్లగ్గు మీద పడితే అది సమయానికి ముందే పేలుతుంది, ఆ దెబ్బకు పిస్టన్లు పగులుతాయి.

బ్యాటరీ వైపు కూడా చూడండి. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ ఊరకే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6కు తగ్గకూడదు. బ్యాటరీ బాగుండి కూడా సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే ఎర్త్ వైరును అనుమానించండి. మల్బరీ తోటల్లో ఎప్పుడూ తడిలో తిరిగే మా బండ్లలో ఆ వైరు బాడీకి కలిసేచోట తుప్పు పట్టడం చాలాసార్లు చూశాం. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్ బాడీకీ మధ్య మీటరు పెడితే అర వోల్టుకు మించి చూపించకూడదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్చి పూర్తిగా తొక్కి పట్టుకుంటే, చలికి చిక్కబడిన గేర్‌బాక్సు ఆయిల్‌ను తిప్పే భారం సెల్ఫ్ మీద పడదు. ఒక్కోసారి పది, పదిహేను సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి.

తిరుపతి డీజిల్ మెకానిక్ బోధకుడు (విశ్రాంత):

పై ఇద్దరూ చెప్పింది సరైనదే. థర్మోస్టాట్ సంగతిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి దాని గురించి వివరంగా రాస్తున్నాను. పొగ పూర్తిగా పోవడానికి చాలా సమయం పడుతోందన్న మీ ఫిర్యాదుకు ఎక్కువ భాగం కారణం అదేనని నా అభిప్రాయం.

ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ రేడియేటరు దారిని మూసి ఉంచుతుంది, అందువల్ల ఇంజిన్‌లోని నీళ్లు అక్కడక్కడే తిరిగి త్వరగా వేడెక్కుతాయి. సాధారణంగా 71 నుంచి 82 డిగ్రీల మధ్య అది తెరుచుకోవడం మొదలుపెడుతుంది. దాన్ని తీసేస్తే మొదటి నిమిషం నుంచే నీళ్లన్నీ రేడియేటరు మీదుగా పోతాయి. పలమనేరు చలిలో, తేలికపాటి పనిలో, ఇంజిన్ ఎంతసేపటికీ సరైన వేడికి చేరదు. మండని డీజిల్ సిలిండరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కొంత ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. ఇలా ఏళ్ల తరబడి నడిచిన ఇంజిన్‌లో రింగులు నిజంగానే అరుగుతాయి, అంటే ఇప్పుడు అవసరం లేని బోరు పని తరువాత నిజంగా అవసరమవుతుంది. మన ప్రాంతంలో వేడెక్కే ప్రతి బండికీ థర్మోస్టాట్ తీసేయడం ఆనవాయితీగా మారడం నాకు బాధ కలిగిస్తుంది. ఎండాకాలంలో బండి వేడెక్కడానికి రేడియేటరు రెక్కల్లో పేరుకున్న దుమ్ము, పొట్టు, జారుతున్న ఫ్యాను బెల్టు, బోరుబావి నీళ్లు పోయడం వల్ల లోపల కట్టిన ఉప్పు పొర వంటివి చాలావరకు కారణాలు. వాటిని సరిచేసి, మీ ఇంజిన్‌కు చెప్పిన డిగ్రీల థర్మోస్టాట్‌నే మళ్లీ బిగించండి. బోరు నీళ్లకు బదులు కూలెంట్ పోయండి.

డీజిల్ గడ్డకట్టడం మీ చలికి జరిగేది కాదు. శీతాకాలపు డీజిల్ 3 డిగ్రీల దాకా పారాలని మన దేశ ప్రమాణం చెబుతోంది; పలమనేరులో చలి అంత దూరం పోదు. డీజిల్‌లో నీళ్లు చేరడం మాత్రం జరుగుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరుగా మారి అడుగుకు చేరుతుంది. క్యాన్లలో, డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్‌తోనూ ఇదే ఇబ్బంది. సాయంత్రమే ట్యాంకు నింపి, ఫిల్టరు కింది నీళ్ల గిన్నెను వారానికొకసారి వదిలేయడం మంచిది. ఆయిల్ విషయంలో, పాత అలవాటు కొద్దీ చిక్కటి 40 గ్రేడు పోస్తుంటే, తయారీదారు పుస్తకంలో అనుమతి ఉన్నట్లయితే 15డబ్ల్యూ-40కి మారండి, తెల్లవారుజామున సెల్ఫ్ తేలికగా తిరుగుతుంది.

పలమనేరు రైతు:

అయ్యవారికీ, సోదరులకూ కృతజ్ఞతలు. బల్బుతో చూస్తే మధ్య సిలిండరు ప్లగ్గుకు వెలగలేదు. ప్లగ్గులను కలిపే రేకు కూడా ఒక చివర తుప్పు పట్టి ఉంది. ప్లగ్గులు మూడూ కొత్తవి వేసి, రేకును గీకి బిగించాం. ఇప్పుడు చీకటితోనే సెల్ఫ్ కొట్టినా వణకకుండా అందుకుంటోంది. రేడియేటరు రెక్కలను శుభ్రం చేసి థర్మోస్టాట్ బిగించిన తరువాత తెల్లపొగ కూడా త్వరగానే విడిపోతోంది. ఆయిల్ మూత తీసి చూస్తే పొగ ఎగదన్నడం లేదు కాబట్టి బోరు పని మానుకున్నాం. ఇంకొక్క సందేహం ఉంది. ఎండిన నేలలో రోటవేటరు లోతుగా దించినప్పుడు నల్లపొగ వస్తోంది. దానికీ నాజిళ్లే కారణమా?

చిత్తూరు పంపు మెకానిక్:

మంచి కబురు చెప్పారు అన్నా. నల్లపొగకు కారణం వేరు. డీజిల్ మండడానికి చాలినంత గాలి అందకపోతే అది మసిగా బయటికి వస్తుంది. రోటవేటరు లేపే దుమ్ములో ఎయిర్ క్లీనరు చాలా త్వరగా పూడుకుపోతుంది, అందుచేత ముందు దాన్నే చూడండి. కాగితం ఫిల్టరు అయితే లోపలి వైపు నుంచి తక్కువ ఒత్తిడి గాలితో ఊదాలి. పంక్చరు షాపు కంప్రెసరుతో దగ్గరగా పెట్టి కొడితే కాగితం చిల్లులు పడి దుమ్ము సిలిండరులోకి పోతుంది. ఆయిల్ పోసే రకం క్లీనరు అయితే గీత దాటి పోయకండి.

క్లీనరు శుభ్రంగా ఉండి కూడా, నేల గట్టిగా ఉన్నచోట ఇంజిన్ వేగం పడిపోతూ నల్లపొగ వస్తుంటే, అది ఇంజిన్ శక్తికి మించిన లోడు. లోతు తగ్గించి రెండు సాళ్లుగా తిప్పండి, లేదా తక్కువ గేరులో నడపండి. గుంజే శక్తి పెరుగుతుందని చెప్పి పంపు సీలు విప్పి డీజిల్ పెంచేవారు ఉంటారు, ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. చాలని గాలిలో అదనంగా పోసిన డీజిల్ మసిగానే పోతుంది, పిస్టన్లు, వాల్వులు అనవసరంగా కాలుతాయి. లోడు లేకుండా, ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాత కూడా నల్లపొగ ఆగకపోతే అప్పుడు మూడు నాజిళ్లనూ విప్పి, ఏది ఏ సిలిండరుదో గుర్తు పెట్టి షాపుకు తీసుకురండి. నాజిల్ కింది రాగి వాషర్లను మాత్రం పాతవి మళ్లీ వాడకుండా కొత్తవి కొనుక్కోండి.