ప్లేస్టేషన్ 5కు, పాత ప్లేస్టేషన్ 2కు ఏ వీడియో కేబుళ్లు తీసుకోవాలి?

సాయంత్రపు ఆట (ప్రశ్న):

కొత్తగా కొన్న 4కే టీవీకి రెండు గేమ్ కన్సోళ్లను కలపవలసి ఉంది. ఒకటి ప్లేస్టేషన్ 5, రెండవది చాలాకాలంగా అటక మీద ఉన్న ప్లేస్టేషన్ 2. ప్లేస్టేషన్ 5ను టీవీకి దూరంగా ఉన్న అలమరలో పెట్టడం వల్ల దానితోపాటు వచ్చిన కేబుల్ పొడవు చాలలేదు. అందుకని ఇదివరకు సెట్‌టాప్ బాక్సుకు వాడుతూ వచ్చిన ఐదు మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్‌ను తగిలించాను. 60 హెర్ట్జ్‌లో (అంటే తెర సెకనుకు 60 సార్లు మారినప్పుడు) బొమ్మ బాగానే ఉంటోంది, అరుదుగా మాత్రం చీకటి దృశ్యాలలో తెల్లని చుక్కలు తళుక్కుమంటున్నాయి. 120 హెర్ట్జ్‌లో నడిచే ఆట పెట్టగానే తెర ఒకటి రెండు క్షణాలు నల్లబడి, తిరిగి వచ్చి, కాసేపటికి మళ్లీ నల్లబడుతోంది. బంగారు పూత పూసిన ఖరీదైన కేబుల్ తీసుకుంటే ఈ ఇబ్బంది తొలగడమే కాక బొమ్మ నాణ్యత కూడా పెరుగుతుందని కొందరు అంటున్నారు. ఇది ఎంతవరకు నిజం? ఇక ప్లేస్టేషన్ 2కు పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల కేబుల్ ఒక్కటే నా దగ్గర ఉంది. ఇంతకంటే మెరుగైన మార్గం ఏదైనా ఉందా?

తీగల శాస్త్రి:

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే లోపం కన్సోల్‌లో ఉన్నట్టు లేదు, ఆ ఐదు మీటర్ల కేబులే సిగ్నల్‌ను మోయలేకపోతోంది. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సమాచారం కాబట్టి, అది సరిగా చేరితే బొమ్మ పూర్తిగా వస్తుంది, చేరకపోతే మీరు చూసిన చుక్కలో, తెర నల్లబడటమో కనిపిస్తుంది. కేబుల్ వల్ల రంగులు మరింత నిండుగా రావడం, అంచులు మరింత పదునెక్కడం అనేవి ఇక్కడ జరగవు. బంగారు పూత పిన్నులకు తుప్పు పట్టకుండా కాపాడుతుందే తప్ప బొమ్మకు ఏమీ చేయదు. దానికోసం అదనంగా చెల్లించడం నా ఉద్దేశంలో దండగ.

చూడవలసింది కేబుల్ మోయగల బ్యాండ్‌విడ్త్. హై స్పీడ్ తరగతి కేబుల్ సెకనుకు 10.2 గిగాబిట్ల వరకు, ప్రీమియం హై స్పీడ్ 18 వరకు, అల్ట్రా హై స్పీడ్ 48 వరకు మోస్తాయి. ప్లేస్టేషన్ 5 గరిష్ఠంగా 32 గిగాబిట్ల దాకా పంపుతుంది కనుక, 4కే రిజల్యూషన్‌లో 120 హెర్ట్జ్ కావాలంటే అల్ట్రా హై స్పీడ్ తప్పనిసరి. కన్సోల్ పెట్టెలో వచ్చిన కేబుల్ కూడా ఆ తరగతిదే. చాలామంది పెట్టె మీద ‘2.1’ అనో ‘8కే’ అనో ఉంటే చాలనుకుంటారు. నిజానికి ఆ అంకె పోర్టుల ప్రమాణానికి సంబంధించినది, కేబుళ్లను తరగతి పేరుతోనే గుర్తించాలి. అసలైన అల్ట్రా హై స్పీడ్ కేబుల్ పెట్టె మీద క్యూఆర్ కోడ్‌తో కూడిన ధ్రువీకరణ లేబుల్ ఉంటుంది. అధికారిక యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ పొడవు కేబుల్‌కు పరీక్ష జరిగిందో లేదో తెలిసిపోతుంది.

పొడవు విషయంలో ఒక మాట. మామూలు రాగి కేబుల్ పొడుగయ్యే కొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది కాబట్టి, వీలైతే కన్సోల్‌నే కాస్త దగ్గరకు జరిపి మూడు మీటర్లలోపు కేబుల్‌తో సరిపెట్టుకోవడం మేలు. అది కుదరకపోతే, లోపల కాంతి రూపంలో సిగ్నల్ పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి. అయితే దాని రెండు కొసలూ ఒకటి కావు. ‘సోర్స్’ అని గుర్తున్న కొస కన్సోల్‌కు, ‘డిస్‌ప్లే’ అని ఉన్నది టీవీకి పెట్టాలి. తారుమారైతే బొమ్మే రాదు.

కేబుల్ మార్చాక కూడా 120 హెర్ట్జ్ రాకపోతే టీవీ వెనక చూడండి. నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్న టీవీల్లో సైతం చాలావాటికి ఒకటి రెండు పోర్టులే 4కే 120 హెర్ట్జ్‌ను అందుకుంటాయి. పైగా టీవీ సెట్టింగులలో ఆ పోర్టుకు పూర్తి బ్యాండ్‌విడ్త్‌ను విడిగా అనుమతించవలసి రావచ్చు.

పాత డిస్కులు:

ప్లేస్టేషన్ 2 గురించి నేను చెబుతాను, ఎందుకంటే అక్కడ శాస్త్రి గారి సూత్రం తలకిందులవుతుంది. అది అనలాగ్ సిగ్నల్ పంపే యంత్రం కనుక, ఏ రకం కేబుల్ వాడుతున్నామన్న దాన్ని బట్టి బొమ్మ నిజంగానే మారుతుంది. మీ దగ్గరున్న పసుపు పిన్ను కాంపోజిట్ పద్ధతిది. వెలుగు, రంగుల సమాచారాన్ని ఒకే తీగలో కలిపి పంపడం, టీవీ వాటిని తిరిగి విడదీయవలసి రావడం వల్ల ఎర్రని అక్షరాల అంచులు పక్కకు కారినట్టు, సన్నని గీతల మీద చుక్కలు పాకుతున్నట్టు కనిపిస్తుంది. ఎస్-వీడియోలో వెలుగుకు ఒక తీగ, రంగుకు ఒక తీగ ఉంటాయి కాబట్టి ఈ దోషం చాలావరకు పోతుంది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నులున్న కాంపోనెంట్ కేబుల్ ఇంకా మెరుగు, 480పీ వంటి ప్రోగ్రెసివ్ సిగ్నల్‌ను, అంటే బొమ్మ గీతలన్నిటినీ ఒకే విడతలో పంపేదాన్ని, కూడా అది మోయగలదు. ప్లేస్టేషన్ 2 వెనకనున్న ఏవీ మల్టీ అవుట్ సాకెట్టే ప్లేస్టేషన్ 3కి కూడా ఉంది కనుక, ప్లేస్టేషన్ 3 కోసం అమ్మే కాంపోనెంట్ కేబుల్ దీనికీ సరిపోతుంది.

కేబుల్ పెట్టేముందు డిస్కు లేకుండా కన్సోల్‌ను ఆన్ చేసి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో కాంపోనెంట్ వీడియో అవుట్ అన్న చోట ఆర్‌జీబీ కాక రెండవ ఎంపిక ఎంచుకుని ఉందో లేదో చూసుకోండి. ఆర్‌జీబీలో ఉండిపోతే రంగులు పూర్తిగా చెడిపోతాయి. ఎక్కువ ఆటలు గీతలను రెండు విడతలుగా పంపే 480ఐలోనే నడుస్తాయి, కొన్ని మాత్రం మొదలయ్యేటప్పుడు త్రిభుజం, ఎక్స్ బటన్లను కలిపి నొక్కి పట్టుకుంటే 480పీ ఇస్తాయి. గ్రాన్ టూరిస్మో 4 అమెరికా ప్రతిలోనైతే 1080ఐ కూడా ఉంది.

సాయంత్రపు ఆట:

ఇద్దరికీ ధన్యవాదాలు. కాంపోనెంట్ కేబుల్ తెప్పించేలోగా పాత కేబుల్‌తోనే చూద్దామని ప్రయత్నించాను. టీవీ వెనక పసుపు సాకెట్ విడిగా లేదు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్లు, ఆడియోకు మరో రెండు ఉన్నాయి. పసుపు పిన్నును ఆకుపచ్చ దానిలో పెడితే శబ్దం వస్తోంది కాని బొమ్మ నలుపు తెలుపుల్లోనే ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే దాని మీద సన్నని చుక్కల వల కూడా కనిపిస్తోంది. కన్సోల్ పాడైందా?

పాత డిస్కులు:

పాడవలేదు. మీరు పెట్టిన సాకెట్ సరైనదే, టీవీయే దాన్ని కాంపోనెంట్ అనుకుంటోంది. కాంపోనెంట్‌లో ఆకుపచ్చ తీగ వెలుగు సమాచారాన్ని మాత్రమే తెస్తుంది. అందువల్ల కాంపోజిట్ సిగ్నల్‌ను కూడా టీవీ అలాగే చదివి, అందులో కలిసి ఉన్న రంగును చుక్కల వలగా చూపిస్తోంది. ఆ సాకెట్ రెండింటికీ ఉమ్మడిది అయితే, దాని చుట్టూ సగం పసుపు రంగో, పక్కన ‘ఏవీ’ అన్న అక్షరాలో ఉంటాయి. ఇన్‌పుట్ మెనూలో కాంపోనెంట్‌కు బదులు ఏవీ ఎంచుకోండి, రంగులు వస్తాయి.

రెండో కంట్రోలర్:

ఒక చిన్న హెచ్చరిక చేర్చదలిచాను. ప్లేస్టేషన్ 2 వెనక నేరుగా గుచ్చి హెచ్‌డీఎంఐ పొందే చిన్న అడాప్టర్లను చూసి, వాటిని కొంటే కాంపోనెంట్‌తో పనే లేదని అనిపించవచ్చు. అవి కన్సోల్ ఇచ్చే అనలాగ్ సిగ్నల్‌నే డిజిటల్‌గా మారుస్తాయి కాబట్టి కాంపోనెంట్‌ను మించినదేమీ ఇవ్వలేవు. అసలు చిక్కు 480ఐతో వస్తుంది. సరి గీతలను ఒకసారి, బేసి గీతలను మరోసారి పంపే ఈ పద్ధతిలో, వాటిని కలిపి పూర్తి బొమ్మ చేయడానికి టీవీ కొంత సమయం తీసుకుంటుంది, ఆ ఆలస్యం బటన్ నొక్కినప్పుడు చేతికి తెలుస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే కొంత తగ్గుతుంది. ప్లేస్టేషన్ 1 డిస్కులు కూడా ఆడాలనుకుంటే ఇంకో ఇబ్బంది ఉంది. వాటిలో చాలావరకు ఆటలు 240పీలో ఉంటాయి, కొన్ని టీవీలు దాన్ని కూడా 480ఐ అనుకుని పొరపాటుగా కలుపుతాయి, మరికొన్ని అసలు చూపించవు. పాత ఆటలను మీరు తరచుగా ఆడేవారైతే పాత సిగ్నల్‌ను కొత్త టీవీకి అనువుగా మార్చే ఓఎస్‌ఎస్‌సీ, రెట్రోటింక్ వంటి స్కేలర్ల గురించి ఆలోచించండి. ఓఎస్‌ఎస్‌సీ ఒక్కొక్క గీతను అప్పటికప్పుడే రెట్టింపు చేసి పంపుతుంది కనుక దాదాపు ఆలస్యం ఉండదు. ఎప్పుడో ఒకసారి ఆడేవారికి మాత్రం కాంపోనెంట్ కేబుల్ చాలు.

సాయంత్రపు ఆట:

ఏవీకి మార్చగానే రంగులు వచ్చాయి. చివరిగా ఒక సందేహం. ప్లేస్టేషన్ 5ను ముందు సౌండ్‌బార్‌కు కలిపి, అక్కడి నుంచి టీవీకి తీసుకెళితే కేబుల్ పొడవు సమస్య తీరుతుంది కదా?

తీగల శాస్త్రి:

సౌండ్‌బార్ తనగుండా 4కే 120 హెర్ట్జ్‌ను పోనిస్తుందని దాని వివరాల్లో స్పష్టంగా ఉంటేనే అలా చేయండి. చాలా సౌండ్‌బార్లు 4కే 60 దగ్గరే ఆగిపోతాయి, అప్పుడు కొత్త కేబుల్ పెట్టినా ఫలితం ఉండదు. కన్సోల్‌ను నేరుగా టీవీకి కలిపి, టీవీ నుంచి ఈఆర్క్ పోర్టు ద్వారా శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపడం సురక్షితమైన మార్గం. కాకపోతే కొన్ని టీవీల్లో 4కే 120 అందుకునే రెండు పోర్టులలో ఒకటే ఈఆర్క్ పోర్టు కూడా అవుతుంది. మీకు అలాంటి కన్సోల్ ఒక్కటే ఉంది కాబట్టి మిగిలిన పోర్టు దానికి సరిపోతుంది. కలిపిన తర్వాత ప్లేస్టేషన్ 5 సెట్టింగులలో వీడియో అవుట్‌పుట్ సమాచారం తెరిస్తే ప్రస్తుతం వెళుతున్న రిజల్యూషన్, హెర్ట్జ్ కనిపిస్తాయి. అప్పటికీ తెర నల్లబడుతుంటే, అక్కడే ఉన్న 4కే వీడియో బదిలీ వేగాన్ని ఒక మెట్టు తగ్గించి చూడండి. తగ్గించగానే బొమ్మ నిలకడగా ఉంటే ఇంకా అనుమానించవలసింది కేబుల్‌నే.