చేయని తప్పుకు చలానా వస్తే కట్టేయాలా, ఎదిరించాలా?

సీ క్యాంప్, కర్నూలు:
అమ్మ పేరు మీదున్న స్కూటీకి హెల్మెట్ లేదని వెయ్యి రూపాయల ఈ-చలానా వచ్చింది. అందులో రాసిన ఊరికి ఆ బండి ఎప్పుడూ పోలేదు. ఫోటో తెరిచి చూస్తే నల్ల మోటార్ సైకిల్, పక్కన పాల క్యాన్ వేలాడుతోంది. ప్లేటు నిండా బురద. చివరి అంకె నాకు 3 లాగే ఉంది, మాది 8. నాన్నేమో "కట్టేసి వదిలించుకో, ఎవరు తిరుగుతారు" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

అనంతపురం ఆటో:
నాన్న చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. నేనైతే కట్టేస్తా. ఒక పూట బండి నిలిపితే ఆ రోజు బాడుగ పోయినట్టే. పైగా పెండింగ్ ఉంటే సప్తగిరి సర్కిల్‌లో ఆపినప్పుడల్లా అదే మాట, అదే టెన్షన్.

కడప, ఏడు రోడ్లు:
కట్టొద్దు, ఆగు. తెలంగాణలో 2022లో టూవీలర్లకు పాతిక శాతం కడితే చాలన్నారు. 2023 డిసెంబర్‌లో 80 శాతం తగ్గించారు. ఇక్కడా ఏదో ఒకరోజు ఇస్తారు. ఈలోగా కెమెరాకు అందకుండా ప్లేటు కాస్త పైకి మడుచుకుంటే సరి.

కర్నూలు, జూనియర్ లాయర్:
ప్లేటు మడవమన్న అన్నకు ముందు ఒక మాట. మడిచిన ప్లేట్లు, టేపు అంటించిన అంకెలు, బురద తుడవని నంబర్లు ఉండబట్టే పక్కవాడి చలానా ఈ తల్లి మీద పడుతోంది. దాన్ని తెలివి అనుకోవద్దు. తప్పు చేసి ఉంటే రాయితీ కోసం చూడకుండా కట్టేయండి.

ఇక్కడ విషయం వేరు. చలానా కట్టడం అంటే మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద రాజీపడటం. కట్టాక "అది మా బండి కాదు" అంటే ఎవరూ వినరు. వెయ్యితో పోయేదీ కాదు. 2019 సవరణ తర్వాత హెల్మెట్ కేసులో (194డి) మూడు నెలలు లైసెన్స్‌పై అనర్హత కూడా ఉంది. అమ్మ చేయని తప్పు అమ్మ పేరు మీద ఎందుకుండాలి?

ముందు ఫోటోను దాచుకో, అదే నీ సాక్ష్యం. ఆర్‌సీలో బండి రకం, రంగు, మోడల్ రాసి ఉంటాయి. స్కూటీకి ప్లేటు కనిపించేలా ముందూ వెనకా ఫోటోలు తీసి, ఆర్‌సీతో కలిపి పరివాహన్ ఈ-చలానా సైట్‌లో ఫిర్యాదు పెట్టు. ఫిర్యాదు నంబర్ రాసిపెట్టుకో. వాట్సాప్‌లో వచ్చే లింకులు, ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) మాత్రం తెరవొద్దు. చలానా పేరుతో ఖాతాలు ఊడ్చేసే ముఠాలు ఉన్నాయి.

కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021లో చేర్చిన 167ఎ నిబంధన ప్రకారం కెమెరాకు పట్టుబడిన తప్పుకు 15 రోజుల్లో నోటీసు పంపాలి. కెమెరాకు ఏటా రెన్యువల్ చేసే ధ్రువపత్రం ఉండాలి, ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. గడువు దాటిందని చలానా దానంతటదే రద్దు కాదు, కానీ కోర్టులో గట్టిగా అడగాల్సిన ప్రశ్న అది. ఫిర్యాదుతో తేలకపోతే అక్కడికి పోవచ్చు. లోక్ అదాలత్‌కు పోతే చలానా తగ్గుతుందని అంటారు, కానీ అదీ రాజీయే. చేయని తప్పుకు రాజీ ఎందుకు?

కడప, ఏడు రోడ్లు:
ప్లేటు మాట వెనక్కి తీసుకుంటున్నా. రాయితీ కోసం ఆగడం తప్పని మాత్రం ఒప్పుకోను లాయర్ గారూ. ఎనభై శాతం వదిలేసేది ప్రభుత్వమే కదా.

లాయర్:
వదిలేసిన ప్రతిసారీ టైముకు కట్టినవాడికి అన్యాయం జరిగినట్టే. అందుకే అది నాకు నచ్చదు.

సీ క్యాంప్:
ఆర్‌సీ, రెండు ఫోటోలు జతచేసి ఫిర్యాదు పెట్టేశాను సార్. నాన్న కూడా ఫోటో చూసి "పాల క్యాన్ మనకెక్కడిది" అన్నాడు. కట్టమనడం మానేశాడు.

అనంతపురం ఆటో:
మంచిది తమ్ముడూ. నీకు ఫోన్‌లో పెట్టడం వచ్చు, ఆర్‌సీ చేతిలో ఉంది. మా స్టాండ్‌లో సగం మందికి ఆ సైట్ తెరవడమే రాదు, వాళ్లు అడిగినంతా కట్టేస్తారు. లాయర్ సార్, తప్పుడు ఫోటో పంపింది వాళ్లయితే తిరగాల్సింది మేమా? ట్రాఫిక్ స్టేషన్‌లోనే ఒక మనిషిని కూర్చోబెట్టి, ఫోటో, బండి పక్కపక్కన చూసి అక్కడికక్కడే కొట్టేయమని అర్జీ పెడితే మా స్టాండ్ వాళ్లందరం సంతకం చేస్తాం. ఎవరికి ఇవ్వాలో చెప్పండి.