1938లో మద్రాసు రేడియో కొట్టు: ఏ బ్రాండ్లను నమ్ముకోవాల్సింది?

పెరంబూరు శ్రోత:
మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. ఆ రోజుల్లో మౌంట్ రోడ్డులో కొత్తగా కొట్టు తెరిచిన వ్యాపారి ఏ కంపెనీ సెట్లు పెట్టుకోవాల్సింది? నా ఓటు నెదర్లాండ్స్ కంపెనీ ఫిలిప్స్‌కే. 1930 నుంచి కలకత్తాలో ఆ కంపెనీకి సొంత కార్యాలయం ఉంది. సరుకు పాడైతే వెళ్లి అడగడానికి దేశంలోనే ఒక గుమ్మం ఉన్నట్లు. నాలుగు రకాలు తెచ్చి అలమర నింపితే పెట్టుబడంతా అక్కడే ఇరుక్కుపోతుంది.

వాల్వు మెకానిక్:
పేరు చూసి నమ్మడం కొనేవాడి పని. అమ్మేవాడు వెనక మూత విప్పి చూడాలి. నేను పాత సెట్లు బాగుచేస్తాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఆనాటి ఫిలిప్స్ సెట్లు చాలావాటిలో అంచున కాంటాక్టులుండే వాల్వులు (రేడియో సంకేతాన్ని పెంచే గొట్టాలు). ఆ సాకెట్లో అమెరికా వాల్వు కూర్చోదు. 1935లో వచ్చిన ఆక్టల్ వాల్వు చూడండి: ఎనిమిది కాళ్లు, మధ్యలో చిన్న గట్టున్న నల్లటి పిడి. 6కె7 అనే రకం పోయిందంటే ఆర్‌సీఏ కంపెనీది దొరక్కపోయినా సిల్వేనియా కంపెనీది గుచ్చితే సెట్టు పలుకుతుంది. కొద్ది రకాల వాల్వులతో రెండు మూడు బ్రాండ్లను నిలబెట్టవచ్చు.

పెరంబూరు శ్రోత:
అమెరికాలో 110 వోల్టులు, మనకు 220. వాళ్ల చిన్న సెట్లకు వోల్టేజి తగ్గించే తీగను కరెంటు త్రాడులోనే పెట్టేవారు. అది ముట్టుకుంటే వేడి. పిల్లలు తిరిగే ఇంటికి అలాంటిది అమ్మితే కొట్టుకు చెడ్డపేరు రాదా?

వాల్వు మెకానిక్:
అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌ను 220కి మార్చుకోగలిగే ఎగుమతి మోడల్ కావాలని ఆర్డరులోనే రాయాలి. ఇక మన ఉప్పుగాలికి ఏ బ్రాండూ మినహాయింపు కాదు. కాయిల్ తీగ పచ్చటి చిలుము పట్టి తెగుతుంది, మైనం పూసిన కాగితపు కండెన్సర్లు లీకవుతాయి. టంకం పట్టగలిగిన మనిషి కొట్టులోనే ఉండాలి.

అడయారు పాఠకురాలు:
మీరిద్దరూ కొట్టులోంచే మాట్లాడుతున్నారు, వినేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మద్రాసు మీడియంవేవ్ ట్రాన్స్‌మిటర్ శక్తి 250 వాట్లే. నగరం దాటి దూరం పోగలిగింది 10 కిలోవాట్ల షార్ట్‌వేవ్. విజయవాడ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరు 1న. అంతదాకా నెల్లూరు, గుంటూరు, కాకినాడ వైపు శ్రోతకు మద్రాసు షార్ట్‌వేవే ఆధారం. చాలా ఊళ్లలో కరెంటూ లేదు. కాబట్టి బ్యాటరీ సెట్టు ఉండాలి, షార్ట్‌వేవ్ గట్టిగా పట్టాలి. పొద్దుగూకాక ఒక గంటసేపు సెట్టు పెట్టి, ముల్లు తిప్పకుండానే స్టేషన్ జారిపోతోందేమో చూడాలి. జారిపోతే అది ఏ కంపెనీదైనా వద్దు.

వాల్వు మెకానిక్:
బాగా చెప్పారమ్మా. పెరంబూరు వారికి ఇంకొక్క మాట. 1940 మేలో నెదర్లాండ్స్ జర్మనీ చేతిలో పడింది. అక్కడి ఫిలిప్స్ ఊరు ఐండ్‌హోవెన్ సరుకునే నమ్ముకున్న వ్యాపారి గతి ఏమిటి?

పెరంబూరు శ్రోత:
1938లో సరుకు ఎంచుకుంటున్నవాడికి ఆ యుద్ధం ఎలా తెలుస్తుందండీ? పైగా ఇంగ్లండులోని ముల్లార్డ్ కూడా ఫిలిప్స్‌దే, అక్కడా ఆ తరహా వాల్వులు తయారయ్యేవి. నా మాట మీద నేనున్నాను. అయితే పాఠకురాలు గారు చెప్పిన షార్ట్‌వేవ్ పరీక్ష మాత్రం ఏజెన్సీ కాగితం మీద సంతకం పెట్టకముందే జరగాలి. అందులో ఫిలిప్స్ సెట్టు ఓడిపోతే తిప్పి పంపాల్సిందే.